మసక గదిలో పరిగెత్తే పిల్లలను ఫొటో తీయడం ఎలా?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత ఇళ్లలో తిరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. వీధి వైపు ఒక కిటికీ, వెనక పెరటి తలుపు, వాటి నడుమ రెండు మూడు గదులు. ఆ నడిమి గదుల్లో మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైటు వెలగాల్సిందే. వీధిలోకి వెళితే ఆటోలు, పెరట్లోకి వెళితే నీళ్ల తొట్టి అని పెద్దలు గదమాయిస్తారు కాబట్టి పిల్లలు ఆడుకునేది కూడా సరిగ్గా ఆ గదుల్లోనే.

అన్నప్రాశనలు, పుట్టినరోజులు, పుట్టువెంట్రుకలు తీయించి కొండ దిగివచ్చిన గుండు పిల్లలు, ఇలా చాలా ఏళ్లుగా నా ఫొటోలన్నీ అలాంటి వెలుతురులోనే. సలహా కోసం ఫోను చేసేవారిలో సగం మంది చెప్పేది ఒకటే: "అన్నా, కెమెరా కొత్తదే, బాబు మాత్రం పొగలా వచ్చాడు." ఆ పొగ ఎందుకు వస్తుందో, ఎలా పోతుందో ఒకసారి రాసిపెడితే నాకూ ఫోన్లు తగ్గుతాయి.

సామాను గురించి రెండు ముక్కలు చాలు. షట్టర్ స్పీడ్ (కెమెరా తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలన్న కొలత) చేతితో మార్చుకోగల కెమెరా ఏదైనా పనికొస్తుంది. లెన్సు 50 ఎంఎం, ఎఫ్ 1.8. ఎఫ్ అంకె లెన్సు రంధ్రం కొలత, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, వెలుతురు ఎక్కువ. కెమెరాతో పాటు ఇచ్చే జూమ్ లెన్సును పెట్టెలోనే ఉంచండి. జూమ్ చేసినకొద్దీ అది ఎఫ్ 5.6కు దిగిపోతుంది. అంటే 1.8 లెన్సు లోపలికి రానిచ్చే వెలుతురులో సుమారు పదో వంతు. చీకటి గదిలో దానితో కుస్తీ పట్టడం దేనికి? కెమెరా లేనివారు ఫోనులో 'ప్రో' మోడ్ తెరవండి. నైట్ మోడ్ మాత్రం ముట్టుకోకండి. అది వరుసగా కొన్ని ఫొటోలు తీసి కలిపి ఒకటి చేస్తుంది. గోపురానికి బాగుంటుంది, గోపురం పరిగెత్తదు కాబట్టి.

తరువాత గది. కర్టెన్లు తీయండి, వీధి తలుపు బార్లా తెరవండి. పసుపు బల్బు, తెల్ల ట్యూబులైటు రెండూ వెలుగుతుంటే ఒకటి ఆర్పేయండి, లేకపోతే బిడ్డకు ఒక చెంప పసుపుగా, ఒక చెంప నీలంగా వస్తుంది. బొమ్మలను దీపం దగ్గరకు జరపండి. బల్బుకు ఒక మీటరు దూరంలో ఉండే వెలుతురు రెండు మీటర్ల దగ్గర దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పిల్లవాడిని జరపలేము. వాడి కారును జరిపితే వాడే వస్తాడు. ఆ తరువాత మీరు నేల మీద కూర్చోండి. నిలబడి తీస్తే వచ్చేది నడినెత్తి.

ఇక అసలు పని షట్టర్ స్పీడ్. అందరూ తప్పేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

ఫొటో చెదరడానికి కారణాలు రెండు. ఒకటి మీ చేయి వణకడం, రెండోది బిడ్డ కదలడం. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే ఇన్ని ఫొటోలు పాడవుతున్నాయి. చెదిరిన ఫొటోను పెద్దది చేసి వెనక గోడ చూడండి. మా ఊళ్లో ఏ ఇంట్లోనైనా గోడకు తి.తి.దే. క్యాలెండర్ ఉంటుంది. దానిమీది తేదీలు చదవగలిగి, బిడ్డ మాత్రం అలుక్కుపోయి ఉంటే కదిలింది బిడ్డ. తేదీలూ అలుక్కుపోతే తప్పు మీ చేతిది. వణుకు ఆపే ఏర్పాటు ఉందని లెన్సుకు అదనంగా డబ్బు పోసినవారు గమనించాలి, అది ఆపేది మీ వణుకునే. బిడ్డను ఆపే ఏర్పాటు ఏ కంపెనీ ఇంకా అమ్మడం లేదు.

లెక్క చూడండి. మూడేళ్ల బిడ్డ గదిలో సెకనుకు రెండు మీటర్ల వేగంతో పరిగెత్తుతోంది అనుకుందాం. కెమెరా తనంతట తాను ఎంచుకునే స్పీడు సాధారణంగా 1/60, అంటే సెకనులో అరవయ్యో వంతు. ఆ వ్యవధిలో బిడ్డ మూడు సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది, అంటే కన్ను తన వెడల్పును మించి జరిగిపోతుంది. ఇక కన్ను ఎక్కడ కనిపిస్తుంది? 1/250 పెడితే జరిగేది ఎనిమిది మిల్లీమీటర్లు, 1/500 పెడితే నాలుగు. అందుకే నా నియమం: కూర్చుని ఆడే బిడ్డకు 1/125, గదిలో తిరిగే బిడ్డకు 1/250, ఎగిరే, తరిమే బిడ్డకు 1/500. నడిమి స్పీడులతో బేరాలు వద్దు. ఇంకో మాట, అడ్డంగా పరిగెత్తే బిడ్డ ఎక్కువ చెదురుతుంది, మీ మీదికి వచ్చే బిడ్డ తక్కువ చెదురుతుంది. నడవ చివర కూర్చుని పిలిస్తే సగం కష్టం తీరుతుంది.

స్పీడు పెంచినందుకు మూల్యం వెలుతురు. 1/60 నుంచి 1/250కి వెళితే లోపలికి వచ్చేది నాలుగో వంతే. ఆ లోటును ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలన్న అంకె) తీర్చాలి: 1600 ఉన్నచోట 6400. సరిగ్గా ఇక్కడే జనం జంకుతారు. తెరమీద ఇసుక చల్లినట్టు గరుకు కనిపించగానే "క్వాలిటీ పోయింది" అని ఐఎస్ఓ మళ్లీ 800కు దించేస్తారు, దానితోపాటు స్పీడూ దిగిపోతుంది, బిడ్డ మళ్లీ పొగ. గరుకుగా ఉన్నా కళ్లు నిలిచిన ఫొటోను పదేళ్ల తరువాత కూడా ఆల్బంలో చూస్తారు. నున్నగా ఉండి ముఖం చెదిరిన ఫొటోను ఆ రాత్రే తీసేస్తారు. ఇంకొందరు తెలివిగా ఐఎస్ఓ తక్కువ ఉంచి, నల్లగా తీసి, కంప్యూటర్‌లో తెల్లబరుస్తారు. అలా చేస్తే నీడల్లోని గరుకు తగ్గదు, చాలా కెమెరాల్లో ఇంకా పెరుగుతుంది.

కాబట్టి మాన్యువల్ మోడ్ పెట్టండి. స్పీడు 1/250, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 2.2, ఐఎస్ఓ ఆటో, దాని గరిష్ఠ హద్దు 6400. గది మరీ చీకటైతే 12800. ఆ తరువాత ఆ చక్రాల మీద చేయి పెట్టకండి.

ఐఎస్ఓను ఆటోకు వదిలినచోట ఒక చిక్కు ఉంది, మా ఊరివాళ్లకు అది మేలో వచ్చే గంగమ్మ జాతరలో తెలుస్తుంది. తెల్లవారుజామున ఇంట్లోనే పిల్లలకు వేషాలు వేస్తారు. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లపూత, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. కెమెరా దేన్నైనా బూడిద రంగుకు లాగుతుంది. తెల్లపూత బిడ్డను మసగ్గా, బొగ్గు బిడ్డను వెలిసిపోయినట్టు తీస్తుంది. ఎక్స్‌పోజర్ సవరణను (ఫొటో వెలుగును పెంచి తగ్గించే సెట్టింగ్‌ను) తెల్లవేషానికి ఒక మెట్టు పైకి, నల్లవేషానికి ఒక మెట్టు కిందికి జరపండి. ముఖం ఫ్రేమును నింపినప్పుడు గంధం పూసిన గుండుకు కూడా కొద్దిగా పైకే.

ఎల్‌ఈడీ దీపాల సంగతి వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్, అందువల్ల నాసిరకం దీపం సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి తెలియదు, 1/250 షట్టరుకు తెలుస్తుంది: ఫొటోలో అడ్డచారలు పడతాయి, లేదా ఒక ఫొటో వెలుగుగా, పక్కది మసగ్గా వస్తుంది. కెమెరాలో ఫ్లికర్ తగ్గించే సెట్టింగ్ ఉంటే వేయండి. లేకపోతే ఆ దీపం ఆర్పి వేరొకటి వెలిగించండి. అదీ కుదరకపోతే 1/100కు దిగి, బిడ్డ కదలిక ఆగే క్షణం కోసం కాచుకోండి.

ఆ క్షణం ఉంటుంది. ఉయ్యాల రెండు కొసలా ఆగుతుంది. ఎగిరిన బిడ్డ పైకి వెళ్లి కిందికి వచ్చే ముందు గాలిలో నిలుస్తుంది. మహతి కళాక్షేత్రంలో అన్నమయ్య కీర్తనకు ఆడే పిల్లలను చూడండి, తీర్మానం (ముగింపు అడుగుల వరుస) ముగిసిన చోట భంగిమలో నిలబడతారు. తాళం వినేవాడికి ఆ ఫొటో దొరుకుతుంది, బటన్ నొక్కి పట్టుకుని వంద తీసేవాడికి ఆ ముందూ వెనకా దొరుకుతాయి. నేను మూడు నాలుగు ఫొటోలకు మించి వరుసగా తీయను.

ఫ్లాష్ వాడవచ్చు కదా అంటారు. కదలికను ఆపుతుంది, కాదనను. తెల్ల స్లాబుకు కొట్టి వెలుతురు కిందికి దించేవారూ ఉన్నారు. మా నడిమి గదులకు నల్లబడిన దూలాల మిద్దె, అక్కడికి వెళ్లిన వెలుతురు తిరిగి రాదు. నేరుగా ముఖం మీద కొడితే బిడ్డ రెండోసారి మీ వైపు చూడదు. ఒక అన్నప్రాశనలో వీడియో లైటు ముఖానికి పెడితే ఆ పాప ముద్ద నోట్లో పెట్టుకోకుండా చేయి అడ్డం పెట్టుకుని కూర్చుంది, ఆ రోజు ఫొటోలన్నిటిలో కనిపించేది మోచేయే. అప్పటినుంచి ఫ్లాష్ నా సంచిలోనే లేదు.

ఫోకస్ నిరంతరంగా వెంటాడే మోడ్‌లో పెట్టండి. కెనాన్‌లో ఏఐ సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి. కంటిని గుర్తించే సౌకర్యం ఉంటే వాడండి, లేకపోతే నడిమి చుక్క ఒక్కటే ఉంచి దగ్గరి కంటి మీద పెట్టండి. చిన్న సెన్సారు (వెలుతురును పట్టే చిప్) ఉన్న కెమెరాలో 50 ఎంఎం, ఎఫ్ 1.8తో ఒకటిన్నర మీటర్ల దూరంలో తీస్తే స్పష్టంగా వచ్చే మందం ఆరేడు సెంటీమీటర్లు. ముక్కు నిలిస్తే చెవి పోతుంది. ఎఫ్ అంకె పెంచితే ఆ మందం పెరుగుతుంది, పైన ఎఫ్ 2.2 అన్నది ఇందుకే.

ఏరడం మరునాడు చేయండి. కళ్లు చూసి ఉంచండి, మిగతావి తీసేయండి. ఆరు బై ఎనిమిది సైజులో ప్రింట్ వేయిస్తే మీరు భయపడిన గరుకు చాలావరకు కనిపించదు. ల్యాబులో "ముఖం స్మూత్ చేయవద్దు" అని ముందే చెప్పండి. చెప్పకపోతే బిడ్డను తిరుపతి కొయ్యబొమ్మలా నున్నగా చెక్కి ఇస్తారు.