కాలేజీ ఫెస్ట్‌లో మీ బ్యాండ్ మోగాలంటే

విజయనగరం, శ్రీకాకుళం వైపు బ్యాండ్ పెట్టుకున్న తమ్ముళ్లూ, ప్రిన్సిపాల్ గది ముందు పడిగాపులు కాయకండి. ఎవరిని పిలవాలో తేల్చేది ఎక్కువగా పిల్లల కల్చరల్ కమిటీయే, సార్లు చివర్లో సంతకం పెడతారు. రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల ఎక్కడైనా అంతే. ఫెస్టులు సంక్రాంతి దాటాకే ఎక్కువ కాబట్టి దసరా సెలవులు అవ్వగానే కదలండి.

కమిటీకి వాట్సాప్‌లో పంపే వీడియో రెండు నిమిషాలు చాలు. స్టూడియో రికార్డింగ్ వద్దు, జనం ముందు వాయించిందే పంపండి. పాట మొదటి పది సెకన్లలోనే అందుకోవాలి, గిటార్ ట్యూనింగ్ ఎవరూ చూడరు.

అసలు తలనొప్పి సౌండ్‌తో. మన దగ్గర పెళ్లిళ్లకీ జాతరలకీ బాక్సులు పెట్టేవాళ్లనే కాలేజీలూ పిలుస్తాయి. వాళ్ల చిన్న మిక్సర్‌లో ఎనిమిది ఛానళ్లు, అంటే మైకులు, వాయిద్యాలు గుచ్చే చోట్లు, ఉంటే డ్రమ్స్‌కే నాలుగైదు పోతాయి, ఇక కీబోర్డు ఎక్కడ గుచ్చుతారు? ఎన్ని మైకులు, కీబోర్డు లాంటివి నేరుగా గుచ్చడానికి ఎన్ని లైన్లు కావాలో కాగితం మీద రాసి ముందే ఇవ్వండి. సౌండ్ డబ్బులు ఎవరివో కూడా అందులోనే రాయండి. సగం అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడకండి.

రాత్రి పది తర్వాత ఆరుబయట మైకు బంద్. ఉపన్యాసాలు సాగుతాయి, కోత మీ పాటలకే పడుతుంది. అందుకే ఎనిమిదికల్లా స్టేజీ ఇమ్మని ముందే మాట తీసుకోండి.