నీళ్లు లేని నల్లరేగడిలో యాసంగి జొన్న: గింజ ఇంటికి, చొప్ప కొట్టానికి

ఎకరాకు గింజ ఎన్ని క్వింటాళ్లన్న ఒక్క లెక్కే చూసుకునేవారికి జొన్న నచ్చదు. నీళ్లున్నచోట మొక్కజొన్న ముందు అది నిలవదు కూడా. కానీ బోరు లేని నల్లరేగడి చేను, కొట్టంలో రెండు మూడు పశువులు ఉన్న ఇంటికి లెక్క వేరు. ఎండాకాలంలో చొప్ప కట్టలు కొనాల్సి వచ్చినప్పుడు ఆ సంగతి బాగా తెలుస్తుంది. అందుకే రకం ఎంచుకోవడం నుంచి కోత దాకా ప్రతి పనిలో గింజతోపాటు చొప్పనీ చూసుకోవాలి. ఆదిలాబాద్, నారాయణఖేడ్, కర్నూలు, నంద్యాల వైపు వానాధారంగా వేసే యాసంగి (రబీ) జొన్నకు సరిపోయే పద్ధతి ఇది.

1. వానాకాలంలోనే నేలను సిద్ధం చేయండి

ఈ పంట తాగేది సెప్టెంబరు దాకా నేల దాచుకున్న నీళ్లే. లోతు తక్కువున్న చెలకల్లో (తేలిక నేలల్లో) యాసంగి జొన్న వేయకండి, పొట్ట దశ (కంకి బయటికి రాకముందు దశ) రాకుండానే పదును, అంటే నేలలోని తేమ, అయిపోతుంది. కనీసం రెండు మూడడుగుల లోతు నల్లమట్టి ఉండాలి. వానాకాలంలో చేను ఖాళీగా ఉంటే వాలుకు అడ్డంగా దున్ని, కలుపు లేచినప్పుడల్లా గుంటక తోలుతూ ఉండండి. కలుపు తాగిన ప్రతి చుక్కా జొన్నకు దక్కకుండా పోయినట్టే. తొలకరిలో పెసర వేసి తీసేసిన చేనైతే ఇంకా మంచిది.

2. రెండిటికీ పనికొచ్చే రకం చూసుకోండి

పొట్టి హైబ్రిడ్లు గింజ ఇస్తాయి, చొప్ప తక్కువ. యాసంగికి పాతకాలపు ఎం 35-1, అంటే మాల్దండి, ఇప్పటికీ నిలబడటానికి కారణం దాని చొప్పా, రొట్టెకు కుదిరే గింజా. ప్రభుత్వం మద్దతు ధరలో కూడా దాన్ని విడిగా చూపిస్తుంది: 2025-26లో హైబ్రిడ్ జొన్న క్వింటాలుకు 3,699 రూపాయలు, మాల్దండికి 3,749. సీఎస్‌వీ 216 ఆర్, సీఎస్‌వీ 22, నంద్యాల తెల్లజొన్నలు (ఎన్‌టీజే రకాలు) కూడా యాసంగికి తగినవే. ఇవన్నీ హైబ్రిడ్లు కావు కాబట్టి సొంత విత్తనం దాచుకోవచ్చు.

3. తేదీ తప్పకండి

సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 లోపు విత్తనం భూమిలో పడాలి. ఆలస్యమైతే రెండు దెబ్బలు. గింజ పాలుపోసుకునే వేళకు పదును ఇంకిపోతుంది. లేత మొక్క నడిమి ఆకును ఎండబెట్టే మొవ్వు ఈగ కూడా ఆలస్యంగా వేసిన చేలనే ఎక్కువగా పట్టుకుంటుంది.

పదును చూడటానికి వేలెడు లోతు నుంచి మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టి, కిందకి వదిలితే పగలాలి. చేతికి అంటుకుంటుంటే ఒకటి రెండు రోజులు ఆగండి. ముద్దే కట్టకపోతే పైపైన వేయకుండా పదును తగిలేదాకా విత్తే గొర్రు కొంచెం లోతుకు దించండి. మామూలుగా రెండంగుళాల లోతు చాలు.

ఇంకో మాట. ఊళ్లో మీరొక్కరే జొన్న వేస్తే పంట పిట్టలపాలే. పక్క చేలవాళ్లతో మాట్లాడుకుని ఒకే వారంలో వేసుకోండి.

4. విత్తడం

ఎకరాకు 4 కిలోల విత్తనం. కిలో విత్తనానికి 3 గ్రాముల థయామెథాక్సామ్ 70 డబ్ల్యూఎస్ పట్టిస్తే మొదటి మూడు నాలుగు వారాలు మొవ్వు ఈగ నుంచి కాపుదల ఉంటుంది. మందు పట్టించిన గింజ మిగిలితే పిండి పట్టించకండి, కోళ్లకూ వేయకండి.

సాలుకు సాలుకు అడుగున్నర, మొక్కకు మొక్కకు ఆరంగుళాలు. ఈ లెక్కన ఎకరాకు సుమారు 60 వేల మొక్కలు నిలుస్తాయి. నీళ్లు లేని చేనులో ఒత్తుగా వేస్తే చొప్ప ఎక్కువొస్తుందనేది భ్రమ. మొక్కలన్నీ ఒకే పదును కోసం పోటీపడి, దంట్లు సన్నబడి, చివర్లో బొగ్గు కుళ్ళు తెగులు తగిలి వరుసలు వరుసలుగా ఒరిగిపోతాయి. అలా పడిన దంటు చీల్చి చూస్తే లోపల మసి పూసినట్టు ఉంటుంది.

ఎరువంతా విత్తేటప్పుడే ఇవ్వాలి. ఆ తర్వాత ఎండిన పైమట్టి మీద చల్లిన యూరియా వేరుకు అందదు. ఎకరాకు ఒక బస్తా డీఏపీ, ఒక బస్తా యూరియా కలిపితే సుమారు 30 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం అందుతాయి. యూరియా గింజకు తగిలితే మొలక మాడుతుంది కాబట్టి దాన్ని ఆఖరి దుక్కిలో కలిపేయండి. పశువుల ఎరువు ఉంటే ఇంకేం కావాలి.

5. మొదటి నెల రోజులు

మొవ్వు ఈగ ఆకు అడుగున ఒక్కొక్కటిగా తెల్లని, పడవలాంటి గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు మొవ్వులోకి దిగి పెరిగే మొన కొరుకుతుంది. నడిమి ఆకు ఎండిపోయి, పట్టి లాగితే ఊడి చేతికొస్తుంది. వాసన చూస్తే దాని అడుగు కొసన కుళ్ళు వాసన. తల్లిమొక్క పోతే పక్కనుంచి పిలకలు లేస్తాయి గానీ అవి వెనకబడిపోతాయి.

అందుకే మొక్కలు పలచన చేయడం ఒకేసారి పూర్తి చేయొద్దు. పది పన్నెండు రోజులకు కొంత, మూడోవారంలో మిగతాది. రెండోసారి ఈగ పట్టిన మొక్కల్నే ఏరి పీకేయండి. ఆ పీకిన మొక్కలు పశువుల ముందు మాత్రం వేయకండి. ఎందుకో చివర్లో ఉంది.

నెల దాటాక కాండం తొలుచు పురుగు, కత్తెర పురుగు వస్తాయి. మొవ్వు విప్పి చూడండి. రంపపు పొట్టులాంటి రెట్ట కనిపిస్తే, మందు ఏదన్నది మీ వ్యవసాయ అధికారిని అడిగి కొట్టండి. మందు కొట్టిన చేనులో మేత ఎన్నాళ్లకు కోయొచ్చన్నది కూడా అప్పుడే అడగండి.

6. నెర్రెలు మూయండి

నల్లరేగడి ఎండేకొద్దీ నెర్రెలు విచ్చుకుంటుంది, లోపలి తేమ ఆ దారినే పోతుంది. మూడోవారం, ఐదోవారం, వీలైతే ఏడోవారం సాళ్ల మధ్య దంతె తోలితే కలుపు పోవడమే కాదు, పైమట్టి పొడిగా లేచి నెర్రెలను కప్పేస్తుంది. నీళ్లు లేని జొన్నకు ఇదే నీరు కట్టడం. కలుపు లేకపోయినా తోలాలి. చాలామంది ఈ పనే మానేస్తారు.

ఎక్కడైనా చెరువులోనో కుంటలోనో ఒక్క తడికి నీళ్లు దొరికితే పొట్ట దశకు దాచుకోండి.

7. కోత

మాల్దండి నాలుగు నెలల్లో చేతికొస్తుంది. గింజ గట్టిపడి, కంకికి అతుక్కునే చోట అడుగున నల్లచుక్క పడితే గింజలోకి ఇంకేమీ చేరదు. అప్పటికి ఆకుల్లో కొన్ని ఇంకా పచ్చగా ఉంటాయి. అవి ఎండేదాకా ఆగితే గింజ పెరగదు, చొప్ప మాత్రం పుల్లలవుతుంది.

కోతకు ముందే చేనంతా తిరిగి, పురుగు పట్టని, నిటారుగా నిలిచిన మొక్కల కంకులు విత్తనానికి విడిగా కోసుకోండి. మిగతాది మొదలంటా కోసి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, కంకులు విరిచి కల్లానికి చేర్చండి. నిల్వకు పోయే గింజ పంటికింద టక్కున విరగాలి.

8. చొప్ప దాచడం, మేపడం

కట్టలు నిలబెట్టి ఆరబెట్టి, రాళ్లమీదో మొద్దులమీదో ఎత్తు చేసి వామి వేయండి. నేలమీద వేస్తే అడుగు వరసకు చెదలు ఖాయం. కట్టలకు కట్టలు ముందు పడేస్తే పశువు ఆకు తిని దంటు వదిలేస్తుంది. ముక్కలు కొట్టి వేస్తే దంటూ పోతుంది. ఒట్టి చొప్పలో మాంసకృత్తులు తక్కువ కాబట్టి కంది, శనగ పొట్టో, వేరుశనగ కట్టో కలపండి.

9. నాము (మోడు నుంచి లేచిన లేత జొన్న) దగ్గర జాగ్రత్త

లేత జొన్నలో పశువు కడుపులోకి వెళ్లగానే సయనైడ్ విషం విడుదల చేసే పదార్థం ఉంటుంది. నెలన్నర లోపు మొక్కలో, వాన లేక గిడసబారిన మొక్కలో, కోసిన మోడు నుంచి లేచిన పిలకల్లో అది ఎక్కువ. పచ్చిమేతకు కోయాలంటే చేనులో సగం కంకులు పూతకొచ్చేదాకా ఆగండి. బాగా ఎండిన చొప్పలో విషం చాలావరకు పోతుంది.

ఎక్కువ పశువులు పోయేది పంట ఇంటికొచ్చాక. కోత అయ్యాక అకాల వాన పడితే కొయ్యకాళ్లనుంచి పచ్చగా నాము లేస్తుంది. ఎండాకాలంలో ఆకలిమీదున్న ఆవులు, గొర్రెలు దానిమీద పడతాయి. పంట అయిపోగానే కొయ్యకాళ్లు దున్నేయండి. దున్నలేకపోతే మందను ఆ చేను వైపు తోలకండి. మేసిన కాసేపటికే పశువు ఎగపోస్తూ, నురగ కారుస్తూ, వణికి పడిపోతే నాటువైద్యాలతో పొద్దుపుచ్చకుండా పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి. విరుగుడు ఇంజెక్షన్ నరంలోకి ఎక్కించాలి, అది పశువైద్యుడి పనే. ఫోన్‌లో చెప్పేటప్పుడు జొన్న నాము మేసిందని ముందే చెప్పండి, మందు వెంట తెచ్చుకుంటారు.