షార్ట్‌కట్ నొక్కితే ఫోల్డర్ తెరుచుకోవడం లేదా?

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసుల్లో కంప్యూటర్ పని చేసేవాళ్లం రోజంతా తిరిగేది నాలుగైదు ఫోల్డర్ల చుట్టూనే. కొలతల షీట్లు, ఇన్వాయిస్‌లు, ఈ-వే బిల్లులు, ప్యాకింగ్ లిస్టులు. స్లాబులు లోడైపోయి, డ్రైవర్ కాగితాల కోసం నిలబడి ఉన్నప్పుడు షార్ట్‌కట్ మొరాయిస్తే ఎంత టెన్షనో నాకు తెలుసు. ఈ చిట్కాలు విండోస్ 10, 11లకి పనికొస్తాయి.

సమస్య: షార్ట్‌కట్ నొక్కితే ఫోల్డర్ మారిందనో, జరిగిందనో మెసేజ్ వస్తుంది.

షార్ట్‌కట్ అంటే ఫోల్డర్ కాదు, దాని అడ్రస్ రాసిన చీటీ. మా ఆఫీసులో ఇది ఎక్కువగా ఏప్రిల్‌లోనే వచ్చేది. ఆర్థిక సంవత్సరం మారగానే ఎవరో ఒకరు పాత ఇన్వాయిస్‌ల ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌లోకి జరిపేవారు. చీటీలో మాత్రం పాత అడ్రసే ఉండిపోయేది. పాత షార్ట్‌కట్ తీసేసి, ఫోల్డర్ ఇప్పుడున్న చోటికి వెళ్లి, ఆల్ట్ కీ నొక్కిపట్టి దాన్ని డెస్క్‌టాప్ మీదకి లాగండి. కొత్తది తయారవుతుంది. ఏటా ఈ గొడవ లేకుండా ‘ఇన్వాయిస్‌లు’ అని ఒకే పెద్ద ఫోల్డర్ పెట్టి, సంవత్సరాలన్నీ దాని లోపల పెట్టుకోండి. షార్ట్‌కట్ పెద్ద ఫోల్డర్‌కే ఇవ్వండి. మేం అలా మార్చాక మళ్లీ ఈ ఇబ్బంది రాలేదు.

సమస్య: క్విక్ యాక్సెస్‌లో (ఫోల్డర్ విండోకి ఎడమవైపు కనిపించే లిస్టులో) నిన్న కనిపించిన ఫోల్డర్ ఇవాళ లేదు.

మీరు తరచూ తెరిచేవాటిని విండోస్ తనంతట తానే అక్కడ చూపిస్తుంది, వాడకం తగ్గితే తీసేస్తుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘పిన్ టు క్విక్ యాక్సెస్’ నొక్కితే స్థిరంగా ఉంటుంది.

సమస్య: పక్క కంప్యూటర్‌లోని ఫోల్డర్ కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు.

ముందు ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉందా, నిద్రలోకి పోయిందా చూడండి. ఉన్నా రాకపోతే, షార్ట్‌కట్‌లో ఆ కంప్యూటర్ పేరు బదులు ఐపీ నంబర్ (నెట్‌వర్క్‌లో దానికి రౌటర్ ఇచ్చే నంబర్) రాసి ఉండొచ్చు. కరెంటు పోయి రౌటర్ మళ్లీ ఆన్ అయ్యాక ఆ నంబర్ మారే అవకాశం ఉంది. రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ దగ్గర నంబర్ బదులు ఆ కంప్యూటర్ పేరు రాయండి.

సమస్య: పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ ఒకటి రెండు కేబీల షార్ట్‌కట్లుగా మారాయి.

ఇది మాత్రం వైరస్. జిరాక్స్ షాపులో, నెట్ సెంటర్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్‌లకి ఇది తరచూ అంటుతుంది. వాటిని దయచేసి డబుల్ క్లిక్ చేయొద్దు, మీ కంప్యూటర్‌కీ ఎక్కుతుంది. కంగారుపడి వెంటనే ఫార్మాట్ కూడా చేయొద్దు. చాలాసార్లు అసలు ఫోల్డర్లు లోపలే దాగి ఉంటాయి. ముందు విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ ‘విండోస్ సెక్యూరిటీ’తో పెన్‌డ్రైవ్ మొత్తం స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్లి, దాచిన ఫైళ్లు చూపించే ఆప్షన్ ఎంచుకుని, సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ తీసేయండి. అసలు ఫోల్డర్లు లేత రంగులో కనిపిస్తాయి. వాటిలోంచి మీ బిల్లులు, షీట్లు మాత్రమే కాపీ చేసుకోండి. కాపీ చేసినవన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసి, తీసిన టిక్ మళ్లీ పెట్టేయండి.