పాత వ్యవసాయ యంత్రం మీది తేదీ నుంచి పేటెంట్ పత్రం దాకా: 1900–1927 నాటి అమెరికా యంత్రాలకు మార్గదర్శి

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో తయారైన విత్తన యంత్రం, కోత యంత్రం, మీగడ తీసే యంత్రం, పెట్రోలు ఇంజిన్ ఏది చూసినా, పోత ఇనుము మీదో ఇత్తడి బిళ్ల మీదో ‘పేటెంటెడ్’ అన్న మాట, పక్కన ఒక తేదీ కనిపిస్తాయి. పేటెంట్ నంబరు మాత్రం సాధారణంగా ఉండదు. అప్పటి చట్టం తేదీ వేస్తే చాలంది. 1927లో చట్టం సవరించాకే కొత్త పేటెంట్లకు నంబరు వేయడం తప్పనిసరైంది. పేటెంట్ పత్రాలన్నీ ఈరోజు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి గానీ అవి నంబరు వారీగా ఉంటాయి. అందుకే తేదీ నుంచి నంబరు రాబట్టడమే ఇందులో అసలు పని. దానికి కాగితం, పెన్సిలు, ఆ ఏడాది క్యాలెండరు ఉంటే సరిపోతుంది.

తేదీని సరిగ్గా చదవడం

బిళ్ల మీద తుప్పు, పాత రంగు పేరుకుని ఉంటే గ్రైండరు, తిరిగే వైర్ బ్రష్ వాడకండి. పోత అక్షరాల ఎత్తు చాలా తక్కువ, ఒకసారి అరిగాయంటే పోయినట్టే. కిరోసిన్ రాసి రాత్రంతా నాననిచ్చి, ఇత్తడి పోగుల చేతి బ్రష్‌తో మెల్లగా రుద్దండి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి పొడిగా గీకి దుమ్ము లేపకుండా తడిగానే తుడవాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఆరాక సుద్దముక్కను పడుకోబెట్టి ఒత్తకుండా పైపైన రుద్దితే ఎత్తుగా ఉన్న గీతలకే సుద్ద అంటుకుంటుంది. చీకట్లో టార్చిని లోహానికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తూ, నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫొటోలు తీయండి. ఒక ఫొటోలో 3 లాగా కనిపించింది మరో ఫొటోలో 8 అని తేలడం మామూలే.

ఎక్కువగా పొరబడేది 3–8, 1–7, 0–6 జంటల దగ్గర. నెలల్లో అయితే జనవరి–జూన్, మార్చి–మే. ఇక్కడ ఆదుకునే నియమం ఒకటుంది: ఆ రోజుల్లో అమెరికా పేటెంట్లు మంగళవారమే జారీ అయ్యేవి. మీరు చదివిన తేదీ మంగళవారం కాకపోతే ముందుగా మీ చదువునే అనుమానించండి. ఉదాహరణకు 12వ తేదీ, 1907 అని స్పష్టంగా ఉండి, నెల మార్చో మేనో తెలియడం లేదనుకోండి. 1907 మార్చి 12 మంగళవారం, మే 12 ఆదివారం. ఇక సందేహం లేదు, అది మార్చి. నెల పూర్తిగా చెరిగిపోయి 17, 1907 మాత్రమే మిగిలినా, ఆ ఏడాది 17వ తేదీ మంగళవారం వచ్చింది సెప్టెంబరు, డిసెంబరు నెలల్లోనే. పన్నెండు నెలలు వెతకాల్సింది రెండుకు తగ్గింది.

ఎంత జాగ్రత్తగా చదివినా మంగళవారం రాకపోతే అది కెనడా పేటెంటు తేదీ కావచ్చు. పక్కన చిన్న అక్షరాల్లో ఏదైనా దేశం పేరుందేమో మళ్లీ చూడండి.

తేదీ నుంచి నంబరు

1900 నుంచి 1920 దాకా ప్రతి ఏడాదీ జారీ అయిన మొదటి పేటెంట్ నంబర్లు ఇవి (ఈ పట్టికతో 1919 దాకా తేదీలే లెక్కకొస్తాయి). కామాలు అమెరికా పత్రాల్లో ఉన్నట్టే వేశాం: 1900 – 640,167, 1901 – 664,827, 1902 – 690,385, 1903 – 717,521, 1904 – 748,567, 1905 – 778,834, 1906 – 808,618, 1907 – 839,799, 1908 – 875,679, 1909 – 908,436, 1910 – 945,010, 1911 – 980,178, 1912 – 1,013,095, 1913 – 1,049,326, 1914 – 1,083,267, 1915 – 1,123,212, 1916 – 1,166,419, 1917 – 1,210,389, 1918 – 1,251,458, 1919 – 1,290,027, 1920 – 1,326,899.

లెక్క ఇలా చేయాలి. మీ ఏడాది మొదటి నంబరును మరుసటి ఏడాది మొదటి నంబరులోంచి తీసేయండి. వచ్చినదాన్ని ఆ ఏడాదిలోని మంగళవారాల సంఖ్యతో భాగిస్తే వారానికి సగటున ఎన్ని పేటెంట్లో తెలుస్తుంది. మీ తేదీకి ముందు ఎన్ని మంగళవారాలు గడిచాయో లెక్కపెట్టి, ఆ సగటుతో గుణించి, ఏడాది మొదటి నంబరుకు కలపండి.

1907 డిసెంబరు 17 తీసుకుందాం. 875,679లోంచి 839,799 తీసేస్తే 35,880. ఆ ఏడాది జనవరి 1వ తేదీయే మంగళవారం కాబట్టి మంగళవారాలు 53. భాగిస్తే వారానికి 677. డిసెంబరు 17కు ముందు 50 మంగళవారాలు గడిచాయి. 50 × 677 అంటే 33,850. దాన్ని 839,799కి కలిపితే 873,649. అంటే మనక్కావలసింది ఇంచుమించు 873,649 – 874,325 మధ్య ఉండాలి. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో బెంజమిన్ హోల్ట్ తయారుచేసిన, చక్రాలకు బదులు గొలుసు పట్టాల మీద నడిచే ట్రాక్టరు పేటెంటు ఆ రోజే జారీ అయింది. దాని నంబరు 874,008. సరిగ్గా మధ్యలో పడింది.

ప్రతిసారీ ఇంత చక్కగా కుదరదు. 1906 మే 22న జారీ అయిన రైట్ సోదరుల విమాన పేటెంటుకు ఇదే లెక్క వేస్తే 820,618 – 821,217 వస్తుంది. అసలు నంబరు 821,393. వారం వారం సంఖ్య ఒకేలా ఉండదు గనుక ఇలా జారుతుంది. అందుకే లెక్కలో వచ్చిన నంబరును ముందు తెరిచి దాని జారీ తేదీ చూడండి. మీ తేదీకంటే ముందుదైతే రెండు వందలు పైకి, తరువాతిదైతే రెండు వందలు కిందికి జరగండి. నాలుగైదు సార్లకే ఆ వారం మొదటి నంబరు, చివరి నంబరు చేతికొస్తాయి.

అప్పటికీ ఆరేడు వందల పత్రాలు మిగులుతాయి. అన్నీ తెరవక్కర్లేదు, వర్గం కోడుతో వడకట్టండి. ఇప్పటి అంతర్జాతీయ వర్గీకరణలో దుక్కి పనిముట్లు ఏ01బీ, విత్తడం, ఎరువు చల్లడం ఏ01సీ, కోత ఏ01డీ, నూర్పిడి ఏ01ఎఫ్, పాల యంత్రాలు ఏ01జే. పాత పత్రాలకు కూడా ఈ కోడ్లు తరువాత తగిలించారు. తేదీ, కోడు కలిపి అడిగితే ఒక వారంలో సాధారణంగా కొద్ది పత్రాలే మిగులుతాయి. వాటి బొమ్మలు చూస్తూ పోతే మీ యంత్రం తెలిసిపోతుంది.

పేరుతో, మాటలతో వెతకడాన్ని మాత్రం నమ్ముకోకండి. అమెరికా పేటెంట్ కార్యాలయం సొంత వెతుకులాటలో 2022 దాకా 1976కు ముందు పత్రాలు నంబరు, తేదీ, వర్గం ద్వారానే దొరికేవి. ఇప్పుడు అక్కడా, గూగుల్ పేటెంట్స్‌లోనూ పాత పత్రాల మాటలు కూడా ఉన్నాయి గానీ అవి స్కాన్ నుంచి యంత్రం చదివినవి. ముఖ్యంగా శీర్షిక, ఆవిష్కర్త పేరు ఉండే పెద్దక్షరాల వరసే ఎక్కువగా దెబ్బతింటుంది. ఇంకొక సంగతి: ఆనాటి శీర్షికలు ఇప్పటి పేర్లతో ఉండవు. హోల్ట్ పత్రం శీర్షిక ‘ట్రాక్షన్ ఇంజిన్’. ‘ట్రాక్టర్’ అని వెతికితే అది తగలదు. నంబరు టైపు చేసేటప్పుడు గూగుల్‌లో కామాలు తీసేసి ముందు యూఎస్ చేర్చండి. కార్యాలయం సైటులో ఆరంకెల నంబరుకు ముందు ఒక సున్నా పెట్టి ఏడంకెలు చేయండి. పాత చేతి పనిముట్లు, యంత్రాల పేటెంట్లను ఔత్సాహికులే పేర్చుకున్న డేటాంప్ అనే జాబితా కూడా ఉంది. తయారీదారు పేరుతో వెతకడానికి అది చాలా మేలు.

బిళ్ల మీద ‘డిజైన్’ (రూపానికి ఇచ్చే పేటెంటు) లేదా ‘రీఇష్యూ’ (సవరించి మళ్లీ జారీ చేసినది) అన్న సూచన ఉంటే పై పట్టిక పనికిరాదు, ఆ రెండింటికీ వేరే నంబరు వరసలున్నాయి.

బొమ్మ చదవడం

దరఖాస్తుతో ఇచ్చే బొమ్మను 10 × 15 అంగుళాల తెల్లని దళసరి కాగితం మీద, చుట్టూ అంగుళం అంచు వదిలి, నల్ల ఇండియా ఇంకుతో గీయాలన్నది అప్పటి కార్యాలయం నియమం. అచ్చులో అది చిన్నదవుతుంది, స్కాన్‌లో ఇంకొంచెం మారుతుంది. పైగా కొలత ప్రకారం గీయాలన్న నిబంధన లేదు, కొలతలు రాయరు కూడా. దీన్ని తయారీ బొమ్మ అనుకుని స్కేలు పెట్టి కొలిచి భాగాలు చేయించేవాళ్లు నష్టపోతారు.

అయితే ఆ బొమ్మలో చెప్పుకోదగిన సమాచారం చాలా ఉంది. వెలుగు ఎడమ పై మూల నుంచి 45 డిగ్రీల్లో పడుతున్నట్టు గీస్తారు. అందుకే ఎత్తుగా ఉన్న భాగానికి కుడి, కింది అంచులు లావు గీతతో ఉంటాయి. రంధ్రానికీ గుంటకూ ఎడమ, పై అంచులు లావుగా ఉంటాయి. ఒక వృత్తం కనిపిస్తే అది పొడుచుకొచ్చిన గుబ్బా, బోల్టు రంధ్రమా అన్నది ఈ ఒక్క గీతతో తేల్చవచ్చు. కోత గీత (భాగాన్ని ఎక్కడ కోసి లోపలిది చూపారో చెప్పే గీత) రెండు చివర్ల బాణాలు ఎటువైపు నుంచి చూస్తున్నామో చెబుతాయి. చుక్కల గీత వెనక దాగిన భాగం. ఒకే భాగానికి అన్ని బొమ్మల్లోనూ ఒకే అంకె ఉంటుంది. రంగు పెన్సిళ్లతో ఒక్కో అంకెను ఒక్కో రంగు వేసుకుంటూ వివరణ చదవండి. అంతకంటే మంచి పద్ధతి లేదు.

వివరణ రెండు వరుసల్లో అచ్చయి, ఐదేసి పంక్తులకు ఒక అంకె ఉంటుంది. మీరు గుర్తులు రాసుకునేటప్పుడు పుట, పంక్తి రెండూ రాయండి. చివర్లో వరస నంబర్లతో వచ్చేవి హక్కు వాక్యాలు, అంటే ఆవిష్కర్త తనదిగా కోరింది ఏమిటో చెప్పేవి. వీటిని ముందు చదవమని మా సలహా. బొమ్మలో మొత్తం కట్టల కోత యంత్రం ఉన్నా, హక్కు కోరింది తాడుముడి వేసే కొక్కెం ఒక్కదానికే అయ్యుండవచ్చు. అప్పుడు ఆ కొక్కెం గీతలను గట్టిగా నమ్మవచ్చు. మిగతాది సందర్భం కోసం వేసినది, మీ యంత్రంలో దానికి భిన్నంగా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. పై వరసలో ఆవిష్కర్త హక్కును ఫలానా కంపెనీకి బదలాయించినట్టు ఉంటే ఆ నమూనా తయారయ్యే అవకాశం పెరుగుతుంది. పేటెంటు ఉన్నంత మాత్రాన యంత్రం అమ్మకానికి వచ్చిందని అర్థం కాదు.

భాగం చేయించాలంటే

కొలతలు మీ యంత్రం నుంచే తీసుకోండి. విరిగిపోయిన భాగం ఆకారం మాత్రమే పేటెంటు నుంచి తీసుకోండి. బొమ్మకూ యంత్రానికీ నిష్పత్తి కుదిరిందా అని చూడాలంటే, ఒకే బొమ్మలో కనిపించే మూడు భాగాలను, అంటే ఒక ఇరుసు మందం, ఒక చక్రం వ్యాసం, రెండు రంధ్రాల మధ్య దూరం, రెండుచోట్లా కొలవండి. మూడు నిష్పత్తులూ ఒకటే వస్తే ఆ బొమ్మలోని నాలుగో భాగాన్ని అంచనా వేయవచ్చు. తేడా వస్తే ఆ బొమ్మను కొలతకు వాడకండి. ఏటవాలు దృశ్యాన్ని ఎప్పుడూ వాడకూడదు.

పోత పోయించేటప్పుడు పాత ముక్కనే అచ్చుగా పెడితే కొత్తది చిన్నదవుతుంది. పోత ఇనుము చల్లారేటప్పుడు అడుగుకు సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది. మూతకో పిడికో ఇది పట్టింపు కాదు. 12 అంగుళాల పళ్ల చక్రానికైతే పళ్లు జతకు కుదరక, మొదటిరోజే అరుపు, వారంలో అరుగుదల మొదలవుతాయి. చెక్క నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేయించండి. పోత పోశాక లేతు వంటి యంత్రం మీద చెక్కి నునుపు చేసే ముఖాలకు అదనపు మందం వేరుగా వదలాలి.

బోల్టు మరలు కొలవకుండా కొనకండి. అర అంగుళం బోల్టుకు అంగుళానికి 12 మరలు, 13 మరలు రెండూ ఆ కాలంలో వాడుకలో ఉండేవి. ఒకదానికి బదులు ఇంకొకటి పెడితే మొదటి రెండు చుట్లూ ఎక్కినట్టే ఎక్కి తరువాత బిగిసిపోతుంది. అక్కడ బలం పెడితే పోతలోని మర చెడుతుంది. మర గేజితో చూడండి.

ఇరవయ్యో శతాబ్దపు తొలి బొమ్మల్లో పళ్ల చక్రాలు, గొలుసులు, బెల్టులు చాలావరకు తెరిచే ఉంటాయి. బాగుచేసిన యంత్రాన్ని తిప్పదలచుకుంటే, బొమ్మలో లేకపోయినా వాటి మీద రేకు కవచం పెట్టండి. రెండు బోల్టులతో తీసిపెట్టుకునేలా చేస్తే యంత్రం అసలు రూపూ చెడదు.

యంత్రం వయసు తేల్చడం

బిళ్ల మీద చాలా తేదీలుంటే అన్నిటికంటే తరువాతి తేదీ చూడండి. ఆ బిళ్ల అంతకుముందు పోసింది కాదు. ఇక పైహద్దు. పేటెంటు జారీ అయిన రోజు నుంచి 17 ఏళ్లు చెల్లేది, కాబట్టి 1907 డిసెంబరు నాటిది 1924 డిసెంబరుతో ముగిసింది. కానీ పాత అచ్చులను గడువు తీరాక కూడా వాడిన సందర్భాలుంటాయి గనుక దాన్ని హద్దుగా కాక సూచనగానే తీసుకోవాలి. ‘దరఖాస్తు చేశాం’ అన్న అర్థం వచ్చే మాట ఉండి తేదీ లేకపోతే ఆ భాగం పేటెంటు జారీకి ముందు పోసినదై ఉండవచ్చు. అలాంటప్పుడు పేటెంటు పత్రం తలమీద జారీ తేదీతోపాటు ఉండే దరఖాస్తు తేదీ చూడండి. యంత్రం ఇంచుమించు ఆ రెంటి మధ్యదని పెట్టుకుని, కంపెనీ ధరల పట్టికలతో సరిపోల్చుకోండి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ పేరున్న బిళ్లలకు ఇంకో ఆధారం ఉంది. మెకార్మిక్, డీరింగ్ వంటి కంపెనీలు కలిసి అది ఏర్పడింది 1902లో. 1890ల నాటి తేదీలు మాత్రమే ఉన్నా, కంపెనీ పేరు అది అయితే ఆ బిళ్ల 1902కు ముందుది కాదు.