పాత యాంగిల్‌పాయిజ్ దీపాన్ని పరీక్షించి వాడుకలోకి తేవడం

మోటారు వాహనాల సస్పెన్షన్‌పై పనిచేసిన ఆంగ్లేయ ఇంజనీరు జార్జ్ కార్వర్డైన్ 1930ల తొలినాళ్లలో రూపొందించిన ఈ బల్ల దీపం చేతితో ఎటు కదిపితే అటే నిలిచిపోతుంది. హెర్బర్ట్ టెర్రీ సంస్థ 1935లో విడుదల చేసిన 1227 నమూనాయే నేడు పాత వస్తువుల విపణిలో ఎక్కువగా కనిపిస్తుంది.

కొనే ముందు పీఠాన్ని చూడాలి. చతురస్రాకారపు పీఠానికి మూడు మెట్లుంటే అది 1938కి ముందరిదని, రెండే ఉంటే ఆ తరువాతిదని స్థూలంగా గుర్తించవచ్చు.

దీపపు కడ్డీల బరువును మోసేది కింది భాగంలోని మూడు స్ప్రింగులే కనుక, దీపాన్ని వేర్వేరు ఎత్తులలో నిలిపి చూడాలి. అది వాలిపోతుంటే, చాలామంది చేసినట్లు కీళ్ల మరలను బిగించడం వల్ల రాపిడి పెరుగుతుందే తప్ప సమతౌల్యం తిరిగి రాదు. సాగిపోయిన స్ప్రింగును అదే కొలతగల దానితో మార్చాలి. స్ప్రింగులు బిగువుగా ఉంటాయి కాబట్టి విప్పేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

పాత రబ్బరు తొడుగు తీగలు పెళుసుబారి ఉంటాయి. దీపమంతా లోహమే అయినందున, ప్లగ్గు పెట్టక ముందే ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ సహిత మూడు తీగల కేబుల్ వేయించి, ఎర్త్‌ను లోహ భాగానికి కలిపించాలి. రంగు పెచ్చులూడినా మళ్లీ వేయించకపోవడమే మేలని నా అభిప్రాయం. పాత వస్తువులను సేకరించేవారు అసలు పూతకే విలువనిస్తారు. చివరగా, వేడి తక్కువగా ఉండే ఎల్‌ఈడీ బల్బును అమర్చుకోవాలి.