ఏది గొప్ప ఫైటర్? వాదనకు కూర్చునే ముందు చేసుకోవాల్సిన పని

"రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్లలో (గాలిలో పోరాడే యుద్ధవిమానాలు) అమెరికా మస్టాంగ్ గొప్పదా, బ్రిటన్ స్పిట్‌ఫైర్ గొప్పదా?" అని మొదలైన వాదన పది నిమిషాల్లో మిగ్-21 మీదుగా ఎఫ్-22 దాకా వెళ్లిపోతుంది. ఆపైన ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లకు మూడే కాళ్లు. విమానాల గురించి తెలియకపోవడం వల్ల ఇలా జరగదు. ప్రశ్న తేల్చుకోకుండా జవాబుకు దిగడం వల్ల జరుగుతుంది. నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా మనుషులు, గంటన్నర సమయం, ఒక తెల్లబోర్డు ఉంటే ఈ వాదనను నిజంగా ఒక కొలిక్కి తేవచ్చు.

ప్రశ్నను ముందు బిగించండి

బోర్డు మీద నాలుగు ఖాళీలు రాయండి: ఏ కాలం, ఏ పని, ఎవరి మీద, ఏ మోడల్. నాలుగూ నిండేదాకా ఎవరూ తమకిష్టమైన విమానం పేరెత్తకూడదు. "ప్రపంచంలో గొప్ప ఫైటర్ ఏది" అన్నది ప్రశ్నే కాదు. "1939–45 మధ్య యూరప్ గగనతలంలో పోరు గతిని ఎక్కువగా మార్చిన ఒంటి ఇంజిన్ ఫైటర్ ఏది" అంటే అది వాదించదగ్గ ప్రశ్న. అన్ని కాలాలనూ కలిపి తేల్చాలన్న పట్టుదల ఉంటే ఒక షరతు పెట్టుకోండి: ప్రతి విమానాన్నీ అది పుట్టిన రోజుల్లో దానికి ఎదురైన వాటితోనే పోల్చాలి. 1940 నాటి విమానం 2005 నాటి దానితో తలపడితే ఏమవుతుందో చెప్పడానికి వాదన అక్కర్లేదు.

మోడల్ ఖాళీని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 1938లో స్క్వాడ్రన్లకు అందిన స్పిట్‌ఫైర్ మార్క్ 1 గంటకు సుమారు 580 కిలోమీటర్ల వేగంతో ఎగిరేది. గ్రిఫన్ ఇంజిన్ అమర్చిన మార్క్ 14 వేగం 720కి చేరింది. పేరు ఒకటే కానీ అవి రెండు వేర్వేరు విమానాలు. 1960ల నాటి మిగ్-21కీ, దానికే కొత్త రాడార్, ఆర్-73 మిసైళ్లు పెట్టి మెరుగుపరిచిన బైసన్‌కీ తేడా అంతకన్నా ఎక్కువ. ఎదుటివాళ్లు ఒక మోడల్ వేగం, ఇంకో మోడల్ ఆయుధాలు, మూడో మోడల్ విజయాలు కలిపి ఒకే విమానంలా చూపిస్తుంటే అక్కడే ఆపి "ఏ మోడల్?" అని అడగండి. సగం వాదనలు ఆ ఒక్క ప్రశ్నకే కుంగిపోతాయి.

తూకాలు ముందు, పేర్లు తర్వాత

ఐదు కొలమానాలు చాలు. ప్రత్యర్థుల మీద పైచేయి, యుద్ధం మీద ప్రభావం, ఎన్ని తయారయ్యాయి, నడపడం ఎంత సులువు, మెరుగుపరుచుకుంటూ పోగలిగే వీలు, పైలట్‌కు రక్షణ: వీటిలో మూడోదీ నాలుగోదీ ఒకటిగా కలిపేయండి. మొత్తం వంద పాయింట్లను వరుసగా 30, 25, 20, 15, 10గా పంచవచ్చు. మీకు వేరే పంపకం నచ్చితే అదీ మంచిదే. కానీ విమానాల పేర్లు రాకముందే బోర్డు మీద రాసి కింద గీత కొట్టేయండి. పేర్లు వచ్చాక తూకాలు వేస్తే ఎవరి విమానం గెలిచేలా వాళ్లు తూకం రాళ్లు జరుపుతారు.

గాలిలో విజయాల సంఖ్యకు మూడో వంతుకు మించి బరువు ఇవ్వకండి. ఎందుకో కింద చెబుతాం.

ఒక్క గుణాన్ని దగ్గరగా చూపించండి

మీ విమానం తరఫున ఇరవై అంకెలు ఏకరువు పెట్టడం కన్నా, ఒక్క అంకె ఏ పని చేసిందో చూపించడం మేలు. మస్టాంగ్ తీసుకోండి. 1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ మీదికి వెళ్లిన 291 బి-17 బాంబర్లలో 60 తిరిగి రాలేదు, ఎందుకంటే కాపలాగా వెళ్లే ఎస్కార్ట్ ఫైటర్లు అంత దూరం వెంట వెళ్లలేకపోయాయి. మస్టాంగ్ రెక్కల్లో ఒక్కోవైపు 348 లీటర్ల ట్యాంకు ఉంటుంది. మెర్లిన్ ఇంజిన్ మోడళ్లలో సీటు వెనక 322 లీటర్ల ట్యాంకు చేర్చారు. లోపలే మొత్తం 1,018 లీటర్లు. స్పిట్‌ఫైర్ మార్క్ 9 లోపలి ట్యాంకుల్లో పట్టేది 386 లీటర్లే. దానికి తోడు మస్టాంగ్ రెక్కల కింద డ్రాప్ ట్యాంకులు (ఖాళీ అయ్యాక వదిలేసే అదనపు ఇంధన ట్యాంకులు) తగిలించుకుంటుంది. 1944 మార్చిలో బాంబర్ల వెంట బెర్లిన్ దాకా వెళ్లి వచ్చిందంటే కారణం ఇది.

అయితే ఆ 322 లీటర్లకూ ఒక ధర ఉంది. వెనక ట్యాంకు నిండుగా ఉంటే బరువు కేంద్రం వెనక్కి జరిగి విమానం నిలకడ తప్పుతుంది. అందుకే పైలట్లు ముందు ఆ ట్యాంకులోని ఇంధనాన్నే చాలావరకు ఖర్చు చేసి, ఆ తర్వాతే పోరుకు సిద్ధమయ్యేవారు. మీ విమానం లోపాన్ని ఎదుటివాళ్లు చెప్పకముందే మీరే చెప్పండి. వినేవాళ్లకు మీ మిగతా అంకెల మీద నమ్మకం కలుగుతుంది. ఎదురు ప్రశ్న ఎలాగూ వస్తుంది: "1944 ఫిబ్రవరి దాకా ఎస్కార్ట్ భారం ఎక్కువగా మోసిన అమెరికా థండర్‌బోల్ట్ ఫైటర్ల సంగతేంటి?" అది న్యాయమైన ప్రశ్న. జర్మన్ వైమానిక దళాన్ని అరగదీసిన పనిలో వాటి వాటా పెద్దది. ఒప్పుకుని, దూరం విషయంలో మాత్రం పట్టు విడవకండి.

స్పిట్‌ఫైర్ పక్షాన ఉన్నవాళ్లు 386 లీటర్లు చూసి బెదరనక్కర్లేదు. ముంచుకొస్తున్న బాంబర్ల మీదికి సొంత దేశం నేల మీంచి ఎగిరే విమానానికి ఆ ఇంధనం సరిపోతుంది. "ఏ పని" అన్న ఖాళీ ఎందుకు పెట్టామో ఇక్కడ తెలుస్తుంది.

వేగం, మలుపు

గరిష్ఠ వేగం చూపించి గెలుద్దామనుకుంటే బోర్లాపడతారు. మిసైళ్లు, డ్రాప్ ట్యాంకులు తగిలించుకున్న విమానం బ్రోషర్‌లోని వేగాన్ని అందుకోదు. పైగా వేగం పెరిగితే మలుపు వెడల్పవుతుంది. లెక్క చిన్నదే: సెకనుకు మీటర్లలో ఉన్న వేగాన్ని దానితోనే గుణించండి. జీ సంఖ్య (మలుపులో ఒంటి మీద పడే బరువు మామూలు బరువుకు ఎన్ని రెట్లో) వర్గంలోంచి 1 తీసేసి, దాని వర్గమూలాన్ని 9.81తో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మలుపు వ్యాసార్ధం వస్తుంది. 6 జీల దగ్గర సెకనుకు 100 మీటర్ల వేగంతో తిరిగితే 172 మీటర్లు. 200 మీటర్ల వేగంతో తిరిగితే 689. వేగం రెట్టింపైతే మలుపు నాలుగింతలు. బోర్డు మీద ఈ రెండు వృత్తాలు గీసి చూపించండి, మాటలు అక్కర్లేదు.

రెక్క మీద పడే బరువును మాత్రమే చూసి మలుపు తేల్చేయడం ఇంకో పొరపాటు. మిగ్-29 లాంటి వాటిలో ఒళ్లు కూడా లిఫ్ట్ (పైకెత్తే బలం) ఇస్తుంది, కాబట్టి రెక్క వైశాల్యంతో వేసిన లెక్క తప్పుతుంది.

విజయాల లెక్క ఎలా చదవాలి

వాదనలు ఎక్కువగా చెడేది ఇక్కడే, కాబట్టి తయారీకి ఇచ్చే సమయంలో సగం దీనికే ఇవ్వండి.

1940 సెప్టెంబరు 15న 185 జర్మన్ విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డులు తెరిస్తే ఆ రోజు వాళ్లు పోగొట్టుకున్నవి 60 దగ్గరే. ఎవరూ అబద్ధమాడలేదు. ఒకే విమానం మీద ముగ్గురు కాల్పులు జరిపితే ముగ్గురూ తమదే అనుకుంటారు. ఇంజిన్‌ను పూర్తిగా తెరిచి కిందికి దూకుతూ పొగ కక్కిన విమానం కూలిపోయినట్టే కనిపిస్తుంది. మేఘంలోకి దూరిన దానికి ఏమైందో చూసేవాడు ఉండడు. ఆకాశంలో ఎంతమంది ఉంటే లెక్క అంత ఉబ్బుతుంది.

అందుకని ప్రతి అంకెకూ మూడు గడులు గీయండి: మేం కూల్చామన్నవి, మా వాళ్లు ధ్రువీకరించినవి, అవతలి వాళ్లు ఒప్పుకున్నవి. మూడో గడి ఖాళీగా ఉన్న అంకెను సగం మార్కులకే లెక్కించండి. కొరియా యుద్ధంలో అమెరికా ఫైటర్ సాబర్‌కు ఒకటికి పది అన్న పేరు చాలాకాలం నిలిచింది. అమెరికా లెక్కలో 792 మిగ్‌లు పడితే 78 సాబర్లు పోయాయి. సోవియట్ రికార్డులు బయటపడ్డాక ఆ నిష్పత్తి బాగా తగ్గింది. సోవియట్ పైలట్లు ప్రకటించుకున్న విజయాలను చూస్తే అవీ అలాగే ఉబ్బి ఉన్నాయి. రెండు వైపులా ఒకే జల్లెడ పట్టండి.

లెక్క తక్కువ పడిన సందర్భాలూ ఉన్నాయి, వాటిని మరిచిపోవద్దు. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధా మీద దాడికి వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమడ బొప్పయ్య దేవయ్య తిరిగి రాలేదు. ఆయన నడిపింది మిస్టేర్, ధ్వని వేగం లోపే ఎగిరే విమానం. తనను వెంటాడిన మాక్ 2 (ధ్వనికి రెట్టింపు వేగం) స్టార్‌ఫైటర్‌ను ఆయన కూల్చిన సంగతి భారత వైమానిక దళానికి అప్పుడు తెలియదు. పాకిస్తాన్ వైపు కథనం బయటికొచ్చాకే తెలిసింది. మహావీర చక్ర 1988లో ప్రకటించారు, అంటే ఇరవై మూడేళ్లకు. మూడో గడి ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. వేగమే అన్నీ అనేవాళ్లకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

"ఒక్కటీ పోగొట్టుకోలేదు" అన్న మాట వినిపిస్తే ఎదురుగా ఎవరున్నారో అడగండి. 1982 ఫాక్‌లాండ్స్ పోరులో సీ హారియర్లు గాలిపోరులో ఒక్కటి కూడా పోకుండా 20 దాకా కూల్చాయి. భారత నౌకాదళం 2016 దాకా గోవా నుంచి నడిపిన విమానం అది, మనకు ఇష్టమైనదే. కానీ అర్జెంటీనా విమానాలు ప్రధాన భూభాగం నుంచి వచ్చేసరికి ఇంధనం అంచున ఉండేవి, ద్వీపాల మీద కొద్ది నిమిషాలకు మించి నిలవలేకపోయేవి. ఎఫ్-15కి ఉన్న వందకు పైగా విజయాలు, గాలిపోరులో సున్నా నష్టం అన్న రికార్డుకూ ఇదే ప్రశ్న వేయాలి. వేశాక కూడా అది గట్టిగానే నిలుస్తుందని మా అభిప్రాయం. ఎఫ్-22 విషయంలో మాత్రం ఈ గడి దాదాపు ఖాళీ: గాలిలో దాని మొదటి గురి 2023 ఫిబ్రవరి 4న చైనా బెలూన్. పైచేయి కొలమానంలో దానికి యుద్ధ అభ్యాసాల ఫలితాలతోనే మార్కులు ఇవ్వాల్సి వస్తుంది.

విమానమా, పైలటా

ఫిన్లాండ్‌కు అందిన అమెరికా ఫైటర్లు బ్రూస్టర్ బఫెలోలు 44. 1941 నుంచి వాళ్ల 24వ స్క్వాడ్రన్ వాటితో 450కి పైగా విజయాలు నమోదు చేసుకుంది. అదే బఫెలో 1942 జూన్ 4న పసిఫిక్‌లోని మిడ్వే దగ్గర జపాన్ జీరో ఫైటర్లకు ఎదురై ఒక్క పూటలో 13 పోయాయి. మిడ్వే మోడల్ ఎక్కువ బరువుది, ప్రత్యర్థి మెరుగైనవాడు, పైలట్ల శిక్షణ వేరు. "ఇదే విమానం ఇంకొకరి చేతిలో ఎలా చేసింది?" అన్నది ప్రతి అభ్యర్థికీ తప్పక వేయాల్సిన ప్రశ్న.

అమెరికా జెట్ ఫైటర్ ఫాంటమ్ (ఎఫ్-4) ఇంకా మంచి పాఠం. "గన్ లేకపోవడం వల్లే వియత్నాంలో దెబ్బతింది" అని అందరూ అంటారు. స్పారో మిసైళ్లు పదిలో ఒకటి తగలడం కష్టమైన మాట నిజమే. కానీ అమెరికా నౌకాదళం తన ఫాంటమ్‌లకు లోపల గన్ పెట్టనే లేదు. 1969లో టాప్‌గన్ శిక్షణ పాఠశాల తెరిచింది. మూడు కూల్చితే ఒకటి పోగొట్టుకోవడం అటూఇటూగా ఉన్న వాళ్ల నిష్పత్తి 1972 నాటికి పన్నెండుకు ఒకటి దాకా పెరిగింది. లోపల గన్ ఉన్న ఎఫ్-4ఈ నడిపిన వైమానిక దళానికి అంత మార్పు రాలేదు. అలాగని గన్ అక్కర్లేదని కాదు: మన మిగ్-21 ఎఫ్‌ఎల్‌లకు కూడా లోపల గన్ లేదు, పొట్ట కింద 23 మిల్లీమీటర్ల గన్ పాడ్ తగిలించారు. 1971 డిసెంబరు 12న కచ్ సింధుశాఖ మీద ఒక స్టార్‌ఫైటర్‌ను కూల్చింది గన్నే.

ప్రమాదాల లెక్కకు భాగహారం తప్పనిసరి. పశ్చిమ జర్మనీ 916 స్టార్‌ఫైటర్లు కొని 292 పోగొట్టుకుంది. మన దగ్గర 1963 నుంచి 2025 సెప్టెంబరు 26 దాకా ఎగిరిన మిగ్-21లు 870కి పైగా. ఎన్ని పడ్డాయన్నది ఒక్కటే చెప్పి వదిలేయకండి, ఎన్ని గంటలు ఎగిరితే ఎన్ని పడ్డాయో చెప్పండి. అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ (వేగానికి అలవాటు చేసే శిక్షణ విమానం) లేని రోజుల్లో కొత్త పైలట్లు నేరుగా దాని మీదే చేయి తిప్పుకోవాల్సి వచ్చిన సంగతీ చెప్పండి.

ఆ రోజు నడిపే తీరు

నాలుగు విమానాలకు మించి వద్దు. తూకాలకు 15 నిమిషాలు. ఒక్కో విమానానికి 6 నిమిషాల వాదన, 4 నిమిషాల ప్రశ్నలు. మార్కులకు 15, మళ్లీ సరిచూడటానికి 10, మిగిలిన 10 ఆలస్యాలకు. ఎవరూ తమ విమానానికి తామే మార్కులు వేసుకోకూడదు. పదికి ఎన్నో చీటీ మీద రాసి ఇవ్వాలి, పైకి చెబితే రెండోవాడు మొదటివాడిని చూసి వేస్తాడు.

ఉదాహరణకు స్పిట్‌ఫైర్‌కు వరుసగా 8, 9, 7, 10, 6, మస్టాంగ్‌కు 8, 9, 8, 5, 7 వచ్చాయనుకోండి. పైన చెప్పిన తూకాలతో గుణించి కూడితే స్పిట్‌ఫైర్ 81.5, మస్టాంగ్ 77. ఇప్పుడు మెరుగుపరిచే వీలు నుంచి 10 పాయింట్లు తీసి యుద్ధ ప్రభావానికి కలపండి. స్పిట్‌ఫైర్ 80.5కి దిగుతుంది, మస్టాంగ్ 81కి ఎక్కుతుంది. ఒక్క తూకం జరిపితే విజేత మారిపోయాడు. ఇలా జరిగితే "స్పిట్‌ఫైర్ గెలిచింది" అని ప్రకటించకండి. "1938 నుంచి 1948 దాకా తయారవుతూ కాలంతోపాటు మారగలగడానికి విలువ ఇచ్చేవాళ్లకు స్పిట్‌ఫైర్, ఒక్క పనిని ఎవరూ చేయలేనంత బాగా చేయడానికి విలువ ఇచ్చేవాళ్లకు మస్టాంగ్" అని రాయండి. మా ఓటు మొదటిదానికి. పది పాయింట్లు అటూఇటూ జరిపినా విజేత మారకపోతే అప్పుడు పేరు ధైర్యంగా ప్రకటించవచ్చు.

బోర్డు తుడిచేముందు తేదీ, నాలుగు ఖాళీలు, తూకాలు, మోడళ్లు, మూడో గడి ఖాళీగా మిగిలిన అంకెలు కనబడేలా ఫొటో తీసి అందరికీ పంపండి. తర్వాతిసారి కూర్చునేది ఆ ఖాళీ గడుల దగ్గర్నుంచే.