ఆపరేషన్ అయినవాళ్లకి పప్పు మాన్పించకండి: ఎంత పెట్టాలి, ఎలా పెట్టాలి

ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి మన ఇళ్లలో మొదట మాన్పించేది పప్పు. బీరకాయ కూర, చారన్నం, బ్రెడ్డు, కొబ్బరినీళ్లు. ఇదీ పథ్యం. మా అత్తయ్యకి తుంటి ఎముక విరిగి రాడ్డు వేసినప్పుడు పక్కింటి పిన్నిగారు కూడా అదే చెప్పారు: "కుట్లు పచ్చిగా ఉండగా పప్పేంటమ్మా, చీము పడుతుంది." ప్రేమకొద్దీ చెప్పిన మాటే. అయినా నేను పప్పు ఆపలేదు. ఎందుకు ఆపలేదో, రోజూ ఏం వండి పెట్టానో రాస్తున్నాను. ఇంట్లో రోగికి వండుతున్నవాళ్లకి పనికొస్తుంది.

ముందు చీము సంగతి. గాయంలోకి సూక్ష్మజీవులు చేరితే, వాటితో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలే చాలావరకు చీముగా కనబడతాయి. దానికి పప్పు కారణం కాదు. పైగా ఆ కణాలు పుట్టాలన్నా, యాంటీబాడీలు తయారవ్వాలన్నా, గాయాన్ని అతికించే కొల్లాజెన్ ఏర్పడాలన్నా ప్రొటీన్ కావాలి. మనం తిన్న ప్రొటీన్ ఏదైనా కడుపులో, పేగుల్లో అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఒళ్లు వాటిలోంచి తనకు కావలసినవి ఏరుకుని కొత్త ప్రొటీన్లు కట్టుకుంటుంది. కొవ్వును దాచుకున్నట్టు వీటిని దాచుకునే చోటు ఒంట్లో లేదు. తిండిలోంచి రాకపోతే కండ కరిగించి తీసుకుంటుంది. మంచాన పడ్డ పెద్దవాళ్ల తొడలు, పిక్కలు రెండు వారాల్లోనే సన్నబడిపోవడం మీరు చూసే ఉంటారు. కదలిక లేకపోవడం ఒక కారణమైతే, చారన్నం రెండో కారణం. రేపు వాకర్ పట్టుకుని లేవాల్సింది ఆ కాళ్లతోనే కదా!

ఎంత పెట్టాలి? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసు. అంటే 50 కిలోల మనిషికి సుమారు 42 గ్రాములు. పెద్ద ఆపరేషన్ తర్వాత మాత్రం కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలంటారు. మా అత్తయ్య బరువు 50 కిలోలే కాబట్టి 60 గ్రాములు అనుకుని లెక్క వేసుకున్నాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) ఎక్కువున్నవాళ్లకి ఈ లెక్క పనికిరాదు. వాళ్లు డాక్టరు చెప్పిన మోతాదే తినాలి. లివర్ జబ్బున్నా సరే, అడగకుండా మొదలుపెట్టకండి.

లెక్క ఎప్పుడూ పచ్చి పప్పుమీదే వేయండి, గరిటెలమీద కాదు. నీళ్లపప్పు రెండు గరిటెలు పోసినా అందులో పప్పు ఉండేది కొంచెమే. 100 గ్రాముల కందిపప్పులో, పెసరపప్పులో 22 నుంచి 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. 100 గ్రాముల బియ్యంలో 8 గ్రాములే. ఇంట్లో తూకం లేకపోతే కిరాణా కొట్లో 50 గ్రాములు తూయించి తెచ్చి, టీ గ్లాసులో పోసి ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకోండి.

మేము శాకాహారులం. పొద్దున రెండు పెసరట్లు, 60 గ్రాముల పెసలతో. పక్కన పల్లీ పచ్చడి, తర్వాత గ్లాసు పాలు. అక్కడికే 23 గ్రాముల దాకా వచ్చేస్తుంది. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యంతో అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో పాలకూర పప్పు, చిన్న గిన్నెడు పెరుగు. సాయంత్రం ఒక సున్నుండ. రాత్రి మెత్తగా ఉడికించిన పెసరపప్పు, అన్నం, పెరుగు. మొత్తం 60 దాటుతుంది. ఇదంతా ఒక్క పూటలో కుక్కితే లాభం లేదు. వయసు పైబడినవాళ్ల కండకి కొంచెం కొంచెం ప్రొటీన్ అందితే చాలదు, పూటకి 20, 25 గ్రాములైనా పడాలి. అందుకే పొద్దున పూట ఉప్మాతో సరిపెట్టకూడదని నేను పట్టుబట్టాను.

అన్నం తగ్గించకండి. తిండి చాలకపోతే తిన్న ప్రొటీన్‌ని కూడా ఒళ్లు శక్తికోసం ఖర్చు చేసేస్తుంది. పైగా అన్నం, పప్పు ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి. తిండిలోంచే రావాల్సిన అమైనో ఆమ్లాలు 9 ఉన్నాయి. వాటిలో లైసిన్ బియ్యంలో తక్కువ, పప్పులో దండిగా ఉంటుంది. మిథియోనిన్ పప్పులో తక్కువ, ఆ కొరత బియ్యం తీరుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పులగం అన్నీ ఈ జోడీలే. రెండూ ఒకే ముద్దలో ఉండక్కర్లేదు, ఆ రోజు తిండిలో ఉంటే చాలు.

ఎముక విరిగిందంటే మేక కాళ్ల సూపు తాగమని చెప్పేవాళ్లు చాలామంది. తాగితే తప్పులేదు. కానీ అందులో కరిగేది ఎక్కువగా జెలటిన్ అనే ప్రొటీన్. ఇందాక చెప్పిన 9 అమైనో ఆమ్లాల్లో ఒకటైన ట్రిప్టోఫాన్ దాంట్లో అసలుండదు. అది తిన్నగా వెళ్లి ఎముకకి అతుక్కోదు కూడా. మాంసాహారులైతే ఒక గుడ్డుకి 6 గ్రాములు వస్తాయి, 100 గ్రాముల చేపముక్కకి 18 దాకా. బాలింతలకి కొరమీను పులుసు పెట్టే ఇళ్లలో దాన్నే వీళ్లకీ పెట్టొచ్చు.

పలకరించడానికి వచ్చేవాళ్లు తెచ్చే కొబ్బరిబొండాల్లో, యాపిల్ పళ్లలో ప్రొటీన్ లేదనే చెప్పాలి. ఎవరైనా ఏం తెమ్మంటారని అడిగితే మొహమాటపడకుండా జామకాయలు, ఉసిరికాయలు చెప్పండి. కొల్లాజెన్ సరిగ్గా తయారవ్వాలంటే విటమిన్ సి ఉండాలి. అవి దొరక్కపోతే పప్పు దించాక నిమ్మకాయ పిండండి.

గ్యాస్ వస్తుందని భయపడేవాళ్లకి మొదటి రోజుల్లో పెసరపప్పే పెట్టండి. గంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇంగువ, జీలకర్ర వేసి బాగా మెత్తగా ఉడికించండి. నాలుగు రోజులకి అలవాటయ్యాక కందిపప్పుకి మారండి. ఆకలి లేకపోతే పప్పు, పెరుగు ముందు తినిపించి చారు చివర్న పోయండి. చారుతో కడుపు నిండితే మిగతావి ముట్టరు.

ఇంత చేసినా కుట్ల దగ్గర ఎర్రగా వాచినా, వాసనతో రసి కారినా, జ్వరం వచ్చినా పళ్లెంలోంచి పప్పు తీసేసి ఊరుకోకండి. ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకి చూపించండి.